మామిడి కర్రకు చేవ లేదా?

నూజివీడు పేరు వినగానే తెలుగువాడికి చిన్న రసాలు గుర్తొస్తాయి. పండు గురించి ఎంతసేపైనా మాట్లాడతాం గానీ, ఆ పండు కాసిన చెట్టు ముసలిదైపోయాక దాని కర్ర ఏమవుతుందన్నది ఎవరికీ పట్టదు. తోట తీసేసిన రోజున కొమ్మలు పొయ్యిలోకి, ఇటుక బట్టీలోకి పోతాయి. మొద్దు కాస్త తిన్నగా ఉంటే సెంట్రింగ్ చెక్కలకో, చవక రకం పెట్టెలకో కోస్తారు. శుభానికి ఆకు తోరణం కడతాం, హోమానికి పుల్ల వాడతాం, ఇంట్లో గుమ్మానికి మాత్రం ఆ కర్ర రానివ్వం. "మామిడి కర్రకు చేవ ఉండదు" అని వడ్రంగులు అనుభవం మీద చెప్పే తీర్పు అది. గుమ్మాల వరకు ఆ తీర్పు సరైనదే. అయితే అదే తీర్పును అరచేతిలో పట్టే చెక్క సామానుకు కూడా వర్తింపజేయడం పొరపాటని నా వాదన. సన్నటి బ్లేడుతో వంపులు కోసే స్క్రోల్ సా అనే చిన్న యంత్రం ఇప్పుడు తీరిక వేళల అభిరుచిగా మన ఇళ్ళలోకీ వస్తోంది. ఆ యంత్రం పెట్టుకున్నవాళ్ళు ఎక్కడి నుంచో వచ్చిన ప్లైవుడ్ ముక్కలు కొనేకన్నా, నూజివీడు తోటల్లో పొయ్యి పాలవుతున్న కర్ర మీద చెయ్యి పెట్టడానికి శాస్త్రపరంగా గట్టి కారణాలే ఉన్నాయి.

ముందు చేవ సంగతి చూద్దాం. ఎండిన మామిడి కలప ఘనపు మీటరుకు సుమారు 675 కిలోలు తూగుతుంది. టేకు 655 దాకా తూగుతుంది. చిన్న ఉక్కు గుండును కర్రలోకి సగం దిగేలా నొక్కడానికి ఎంత బలం కావాలో కొలిచే జాంకా పరీక్షలో కూడా రెండూ దాదాపు సమానంగానే నిలుస్తాయి. అంటే మామిడి మెత్తని కర్రా కాదు, తేలిక కర్రా కాదు. టేకుకు ఉన్నదీ మామిడికి లేనిదీ కాఠిన్యం కాదు, రసాయన రక్షణ. చెట్టు లోపలి భాగం వయసు మీద ముదిరినప్పుడు టేకు తన కణాల్లో నూనెలను, చెదలకూ బూజుకూ గిట్టని క్వినోన్ జాతి పదార్థాలను నింపుకుంటుంది. మనం చేవ అని పిలిచేది ఆ నింపుడునే. మామిడిలో ఆ పని పెద్దగా జరగదు. పైగా మొద్దులో ఎక్కువ భాగం పాలకర్రే, అంటే చేవ కట్టని లేత కర్రే. అందులో పిండి పదార్థం పుష్కలంగా ఉంటుంది. రాబోయే పూతకూ కాపుకూ చెట్టు దాచుకున్న తిండి అది. చెట్టు పోయాక ఆ తిండి కోసం రెండు రకాల అతిథులు వస్తారు.

మొదటిది నీలిమరక బూజు. కర్రలో తేమ ఇరవై శాతం పైన ఉన్నంతకాలం బూజు బతుకుతుంది, అంతకన్నా దిగితే ఆగిపోతుంది. రెండోది పొట్టుపురుగు. దీనికి తడి అక్కర్లేదు, ఎండిన కర్రే ఇష్టం. మామిడి కలపలో నీళ్ళు పారే సన్న గొట్టాల నోళ్ళు ఆ పురుగు గుడ్లు దూర్చడానికి సరిపోయేంత వెడల్పుగా ఉంటాయి. పిల్లపురుగు లోపల పిండిని తింటూ తిరిగి, పెద్దదయ్యాక గుండుసూది తలంత చిల్లి చేసుకుని బయటకు వస్తుంది. చెక్క కింద మైదాపిండి లాంటి పొడి రాలి ఉందంటే పని అయిపోయిందన్నమాట. మన దగ్గర ఇంకో చిక్కుంది. కాపు కోసేశాక, అంటే జూన్ తరువాత, తోట తీయడం రివాజు. సరిగ్గా వానలు మొదలయ్యే వేళ కొట్టిన దుంగ అడితిలో తడుస్తూ పడి ఉంటే బూజు పట్టక ఏం చేస్తుంది? పోనీ పొడి వాతావరణమని మార్గశిరంలో కొడదామంటే, పూతకు ముందు చెట్టులో పిండి నిల్వ బాగా పెరిగే కాలం అదే. బూజుకు అనుకూలం కాని రోజుల్లో కొడితే పురుగుకు విందు, పురుగుకు తిండి తక్కువున్న రోజుల్లో కొడితే బూజుకు విందు. వడ్రంగి ఈ కర్రను వదిలేయడంలో ఆశ్చర్యమేముంది?

అయితే వడ్రంగి ఆలోచించేది గుమ్మం కోసం, మంచం కోసం. ఆ సామానుకు రెండు మూడు అంగుళాల మందం కావాలి. చెక్క మధ్యలోని తేమ బయటి ముఖానికి నడిచి రావాలి కాబట్టి, ఆరడానికి పట్టే కాలం మందానికి తగ్గట్టు కాక, ఇంచుమించు మందం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. 25 మిల్లీమీటర్ల చెక్కకు పట్టే కాలంలో 6 మిల్లీమీటర్ల చెక్కకు పదిహేడో వంతు చాలు. అంగుళం చెక్క నెలల తరబడి ఆరుతుంటే, పావు అంగుళం చెక్క గాలాడే నీడలో కొద్ది వారాల్లోనే బూజు హద్దు దాటిపోతుంది. స్క్రోల్ సా పనికి కావలసింది సరిగ్గా ఆ మందమే. గుమ్మానికి శాపమైన గుణం ఇక్కడ అసలు పనిచేయడానికే వ్యవధి దొరకదు.

సాగడం, ముడుచుకోవడం కూడా ఇంతే. పచ్చి మామిడి చెక్క పూర్తిగా ఎండితే వలయాల వెంబడి 5.5 శాతం, మధ్య నుంచి బెరడు వైపు 3.6 శాతం కుంచించుకుంటుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా ఎంత ఎక్కువైతే చెక్క అంత వంకర పోతుంది. టేకులో మొదటిది రెండోదానికి రెట్టింపు, మామిడిలో ఒకటిన్నర రెట్లే. ఈ లెక్కను వస్తువు చేరే చోటుతో కలిపి చూడాలి. శ్రావణంలో గాలిలో తేమ ఎనభై శాతం ఉన్నప్పుడు నూజివీడులో చేసిన వస్తువు కర్రలో సుమారు 16 శాతం తేమ నిలుస్తుంది. అదే వస్తువును డాలస్‌లో ఉన్న మేనకోడలికి పంపితే, శీతాకాలంలో హీటరు తిరిగే ఇంట్లో అది ఆరేడు శాతానికి దిగుతుంది. ఈ తొమ్మిది శాతం తేడాకు ముప్పై సెంటీమీటర్ల వెడల్పు పలక అయిదు మిల్లీమీటర్ల దాకా ముడుచుకుంటుంది. చట్రంలో బిగించి ఉంటే నెర్రె విచ్చడం ఖాయం. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న చిన్న బొమ్మ ముడుచుకునేది మిల్లీమీటరులో మూడో వంతు మాత్రమే. దాన్ని ఎవరూ గమనించలేరు.

పురుగు విషయానికి మాత్రం ఎండబెట్టడం ఒక్కటే చాలదు. ఇక్కడ మలేషియా రబ్బరు తోటల కథ పనికొస్తుంది. పాలు కారడం తగ్గిన రబ్బరు చెట్లను పాతిక ముప్పై ఏళ్ళకు కొట్టేసి ఒకప్పుడు పొయ్యిలోనే పెట్టేవారు. ఆ కర్ర కూడా మామిడి లాంటిదే: తెల్లన, పిండి ఎక్కువ, బూజూ పురుగూ రెండింటికీ ఇష్టం. కోసిన వెంటనే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో ఊరబెట్టి, కొలిమి గదుల్లో ఆరబెట్టే పద్ధతి కుదిరాక, 1980ల నుంచి అదే కర్ర ప్రపంచమంతా కుర్చీలుగా, బల్లలుగా ఎగుమతి అయింది. చెట్టు మారలేదు, కోతకూ ఆరబెట్టడానికీ మధ్య వ్యవధి మారింది. మామిడికీ ఈ దారి కొత్త కాదు. జోధ్‌పూర్ ఎగుమతి వ్యాపారులు ఏళ్ళ తరబడి మామిడి కర్రతో సామాను చేస్తున్నారు. 2017 జనవరి నుంచి శీషం జాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షల పట్టికలోకి వెళ్ళాక మామిడికి గిరాకీ ఇంకా పెరిగింది. ఒక్క జాగ్రత్త: పసిపిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువులకు బోరాక్స్ వద్దు. చెక్క నడిమి భాగం దాకా 56 డిగ్రీల వేడి అరగంట నిలిచేలా చేస్తే లోపలి పురుగులు చస్తాయన్నది ఎగుమతి పెట్టెల కలపకు ప్రపంచమంతా పాటించే ప్రమాణం. పావు అంగుళం చెక్కకు ఆ వేడి ఎక్కించడం పెద్ద పని కాదు. తరువాత అన్ని ముఖాలకూ నూనో, లక్క పాలిషో పట్టిస్తే గుడ్లు పెట్టే నోళ్ళు మూసుకుపోతాయి. బీరువా వెనక పలకకు ఎవరూ పాలిష్ పట్టించరు. చేతిలో పట్టే బొమ్మకు పట్టించని ముఖం ఉండదు.

ఇదంతా కాగితం మీద లెక్క అనుకునేవారు పక్క జిల్లాలోని కొండపల్లిని చూడవచ్చు. అక్కడి బొమ్మల తెల్లపొణికి కర్ర మామిడి కన్నా ఎంతో మెత్తన, తేలిక. ఇంటి కలపగా దాని విలువ సున్నా. ఆ కర్రనే బాగా ఆరబెట్టి, సెగ చూపించి, విడి భాగాలుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, పైన సున్నం, రంగు పూసి శతాబ్దాలుగా అంబారీ ఏనుగులనూ దశావతారాలనూ నిలబెడుతున్నారు. ఏటికొప్పాక అంకుడు కర్ర సంగతీ అంతే. తెలుగునాట కర్ర కళలు ఎక్కువగా పేదకర్ర మీదే పెరిగాయి, పెద్దకర్ర మీద కాదు.

ఇక యంత్రం. స్క్రోల్ సాలో బ్లేడు అయిదు అంగుళాల పొడవు, ఒక మిల్లీమీటరు వెడల్పు, అందులో సగానికన్నా తక్కువ మందం ఉంటుంది. యంత్రపు రెండు చేతుల మధ్య బిగించిన ఆ బ్లేడు నిమిషానికి నాలుగు వందల నుంచి పద్దెనిమిది వందల సార్లు పైకీ కిందికీ ఆడుతుంది. ఒక్కో ఆట ముప్పావు అంగుళం. నిమిషానికి పన్నెండు వందల ఆటలనుకున్నా పళ్ళ వేగం నలభై అయిదు మీటర్లే. పది అంగుళాల గుండ్రని రంపం అంచు నిమిషానికి మూడు వేల మీటర్లు దాటుతుంది. ఇంట్లో పెట్టుకోదగినంత నెమ్మదైన యంత్రమని అనడానికి ఆధారం ఇదే. దాని చిక్కు కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. బ్లేడు మధ్యనున్న అంగుళం మేర పళ్ళే పదేపదే కోస్తాయి కాబట్టి అవే వేడెక్కుతాయి, అవే మొద్దుబారతాయి, మామిడి లాంటి గట్టి కర్ర అంచున నల్లటి కాలిన గీత పడుతుంది. అనుభవజ్ఞులు బల్ల మీద ఒక ప్లైవుడ్ ముక్క వేసి చెక్కను ఎత్తుగా పెట్టి, ఇంకా పదునున్న పళ్ళ దగ్గరికి తెస్తారు. మందానికి కనీసం మూడు పళ్ళు ఆనాలన్నది ఇంకో నియమం. అంగుళానికి పన్నెండున్నర పళ్ళున్న మామూలు బ్లేడుకు అది ఆరు మిల్లీమీటర్లు. మళ్ళీ అదే పావు అంగుళం. బ్లేడు బిగువు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పనివాళ్ళు దాన్ని వేలితో మీటి వింటారు. బిగువు నాలుగింతలైతే నాదం సరిగ్గా ఒక స్థాయి పైకి వెళుతుందన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. వీణలకు పేరుపడ్డ నూజివీడులో దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

అమ్మకానికి మన దగ్గర అందరూ ముందు తలపెట్టేది పేరు పలకలు. ఇంగ్లీషు అక్షరాలకు తయారైన పద్ధతులు తెలుగుకు నేరుగా కుదరవు. తాటాకు మీద గంటం గీతలు ఈనె వెంట చీలకుండా ఉండటానికే మన లిపి గుండ్రబడిందని అంటారు. కర్రకూ నార ఉంది, నార వెంబడి ఉన్న బలంలో అడ్డంగా పదో వంతు కూడా ఉండదు. గుండ్రని అక్షరంలో ఎక్కడో ఒకచోట సన్న భాగం నారకు అడ్డం పడి తీరుతుంది. సన్నటి ఏత్వం అక్కడే పుటుక్కుమంటుంది. తలకట్లు, వత్తులు చాలా అక్షరాల్లో ఒంటి నుంచి విడిగా తేలుతుంటాయి. 'ఠ' మధ్యలోని చుక్కకు ఆసరా ఎక్కడుంది? అందువల్ల అక్షరాన్ని కోసే ముందు దాన్ని గీయడమే అసలు విద్య. వత్తును పై అక్షరానికి తాకించాలి, సన్న మెడలను నార దిశకు తిప్పాలి, లేదా మొత్తాన్ని వెనక పలక మీద అతికించాలి. లోపలి ప్రతి ఖాళీకీ ముందు డ్రిల్లుతో రంధ్రం చేసి, బ్లేడు విప్పి, దాన్ని రంధ్రంలో దూర్చి, మళ్ళీ బిగించాలి. రంధ్రానికి అర నిమిషం వేసుకున్నా నూరు రంధ్రాల జాలీకి యాభై నిమిషాలు బ్లేడు దూర్చడానికే పోతాయి. ఇంకా కోత మొదలే కాలేదు.

ఇక్కడే గట్టి అభ్యంతరం వస్తుంది. లేజర్ యంత్రం అదే జాలీని నిమిషాల్లో కోసి పారేస్తుంటే చేత్తో కోసేదెవరు, కొనేదెవరు? పల్చటి ప్లైవుడ్ పేరు పలకల వరకు ఈ అభ్యంతరానికి సమాధానం లేదు. ఆ బేరంలో స్క్రోల్ సా ఓడిపోయింది, దిగకపోవడమే మేలు. అయితే లేజర్ కాల్చి కోస్తుంది. మందం పెరిగేకొద్దీ అంచు బొగ్గవుతుంది, మామూలు దుకాణపు యంత్రం అంగుళం కర్ర దగ్గర చేతులెత్తేస్తుంది. రంపానికి ఆ హద్దు లేదు. ఒక దిమ్మెను ముందు వైపు నుంచీ, తిప్పి పక్క వైపు నుంచీ కోస్తే నిండైన ఏనుగో గుర్రమో బయటికి వస్తుంది. బల్లను కాస్త వంచి రెండు రంగుల చెక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి కోస్తే, పై ముక్క కింది రంధ్రంలోకి జారి సందు లేకుండా బిగుసుకుంటుంది. ఎంత వంచాలన్నది చిన్న త్రికోణమితి: కోత వెడల్పును చెక్క మందంతో భాగిస్తే వచ్చేదే ఆ కోణం సైను. అర మిల్లీమీటరు కోతకు, ఆరు మిల్లీమీటర్ల చెక్కకు అయిదు డిగ్రీల కన్నా రవంత తక్కువ. ఈ పనికి నూజివీడుకు ఉన్న సౌకర్యం ఇంకెక్కడా లేదంటాను. వీణల పనిలో మిగిలే పనస తునకలు పసుపుపచ్చగా మొదలై వెలుతురుకు ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. మామిడి లేత రంగులో పనస పొదిగితే రంగు డబ్బాతో పని లేదు. బూజు కాస్త పట్టిన మామిడిలో బూడిద, నీలి, నల్లగీతల చారలు పడతాయి. నీలిమరక రంగును మారుస్తుందే గానీ బలాన్ని పెద్దగా తగ్గించదు. అడితిలో తీసిపారేసే ఆ చెక్కే ఇక్కడ ఎక్కువ ధర పలకాలి.

ధర విషయంలో అభిరుచి పనివాళ్ళు చేసే తప్పు ఒకటుంది. కర్ర ఖర్చుకు నాలుగింతలు వేసి ధర కట్టేస్తారు. పొయ్యి కర్ర ధరకు ఎన్ని రెట్లు వేసినా గంట కూలి గిట్టదు. ధర పడాల్సింది కోత గంటలకు, రంధ్రాల సంఖ్యకు, విరిగిన బ్లేడ్లకు. ఆ ధరకు కొనేవారు లేని నమూనాను ప్రేమ కొద్దీ బహుమతిగా ఇవ్వవచ్చు, అమ్మకానికి మాత్రం పెట్టకూడదు. పిల్లల పజిళ్ళు, బొమ్మలు అమ్మదలచినవారు చట్టం సంగతి చూసుకోవాలి. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల బొమ్మలకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయంలో నమోదైన కళాకారులు చేసి అమ్మే బొమ్మలకు మినహాయింపు ఉంది. కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వల్ల వచ్చిన వెసులుబాటు నూజివీడు అభిరుచి పనివాడికి రాదు.

ఇంకో అభ్యంతరం తోటల మీద ప్రేమతో వచ్చేది. కర్రకు ధర వస్తే చెట్లు కొట్టేస్తారు కదా? మామిడి రైతు చెట్టు తీయాలా వద్దా అన్నది కర్ర ధర చూసి తేల్చుకోడు. కాపు, ధర, మార్కెట్టు చూసి తేల్చుకుంటాడు. ఏలూరు జిల్లాలో పక్క చేలోని ఆయిల్ పామ్‌నూ చూస్తాడు. చిన్న పనులకు కావలసినంత కర్ర తీసేసిన ముసలి తోటల్లోనూ, గాలివానకు పడ్డ చెట్లలోనూ దొరుకుతుంది. అంతెందుకు, ముదురు తోటలకు కొత్త చిగురు కోసం కొమ్మలు కత్తిరించే పద్ధతి ఉండనే ఉంది కదా, ఆ కొమ్మలు చాలవా అని అడగవచ్చు. ఇక్కడ కొంచెం వెనక్కి తగ్గాలి. పక్కకు వంగి పెరిగిన కొమ్మ తన బరువు మోయడానికి పై భాగంలో బిగువు కర్ర పెంచుకుంటుంది. దాన్ని కోస్తే నారలు పీచులా లేస్తాయి, ఆరేటప్పుడు పొడవునా కుంచించుకుని చెక్క విల్లులా వంగుతుంది. అందుకే కొమ్మ కన్నా మొద్దు మేలు. కొమ్మనే వాడాలంటే నిటారుగా పెరిగినదాన్ని ఏరుకోవాలి.

దుమ్ము గురించి కూడా ఒక మాట. కర్ర దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో తేల్చింది. నెమ్మది యంత్రం కదా అని అలసత్వం పనికిరాదు, సన్న బ్లేడు రాల్చేది సన్న దుమ్మే. పైగా మామిడి జీడిమామిడికీ నల్లజీడికీ చుట్టం. తొడిమ దగ్గర సొన తగిలి పెదవి పొక్కినవాళ్ళకు కర్ర దుమ్ము కూడా పడకపోవచ్చు. మాస్కు, కిటికీ దగ్గర బల్ల, పని అయ్యాక తడిగుడ్డతో తుడవడం తప్పనిసరి.

నూజివీడు చుట్టుపక్కల ఈ ఏడు తోట తీయబోతున్న రైతులకూ, ఊళ్ళో ఈ యంత్రం కొన్న కుర్రకారుకూ ఒకటే మనవి. మొద్దు మొత్తం కట్టెల బేరగాడికి తూకం వేసేయకండి. తిన్నగా ఉన్న ఒక్క దుంగను పక్కన పెట్టి, కొసలకు పాత పెయింటు పూసి, వారం తిరక్కుండా కోత మిల్లుకు తోలించి పావు అంగుళం పలకలుగా కోయించండి. పసిపిల్లల వస్తువులకు అనుకున్నవి తప్ప మిగతావాటిని బోరాక్స్ నీళ్ళలో ముంచి తీసి, అన్నిటినీ మధ్య మధ్య పుల్లలు పెట్టి పేర్చి, పైన బరువు ఉంచి, వాన పడని చోట గాలికి వదలండి. దసరా నాటికి కోతకు పనికొస్తాయి.